పండింది, తగ్గింది: ఈ రెండు మాటలకు రుజువెక్కడ?

2021 మే నెలలో, కోవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, మూడు సంగతులు జరిగాయి. 6న శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని నిషేధిస్తూ గెజిట్ విడుదల చేసింది. 17న మన దేశంలో కోవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మా చికిత్సను తొలగించారు. 21న నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య పంచే నాటుమందు కోసం వేలాది మంది వచ్చి పడ్డారు. వాళ్లలో అంబులెన్సుల్లో వచ్చిన రోగులూ ఉన్నారు.

పైకి ఈ మూడింటికీ పొంతన కనిపించదు. తరచి చూస్తే మూడింట్లోనూ పరీక్ష ఒక దారిన, ఆచరణ మరో దారిన నడిచాయి. శ్రీలంక ఎక్కడా పరీక్షించి చూడకుండానే దేశం మొత్తాన్ని సేంద్రియ సాగులోకి దింపి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద ఐసీఎంఆర్ జరిపిన పరీక్షలో ప్లాస్మా మరణాలను తగ్గించలేదని 2020 అక్టోబరుకే తేలింది. అయినా మరో ఏడు నెలలు రోగుల బంధువులు దాతల కోసం పరుగులు తీస్తూనే ఉన్నారు. కృష్ణపట్నంలోనైతే ముందు జనం వచ్చారు, పరీక్ష బృందాలు ఆ తర్వాత వచ్చాయి.

నెల్లూరు తీరంలో ఈ చర్చకు ముడిసరుకు పుష్కలం. పెన్నా డెల్టాలో వరి, సముద్రపు ఒడ్డున రొయ్యల గుంటలు, ఊళ్లలో ఇంకా నడుస్తున్న మూలికా వైద్యం, వాటి పక్కనే వ్యవసాయ పరిశోధన స్థానం, ముత్తుకూరులో 1991లో వెలిసిన మత్స్య కళాశాల. రసాయనాలు లేని సాగు గురించీ, ఆసుపత్రి బయటి వైద్యం గురించీ ఇక్కడ జరిగే వాదనలు ఒకే మూస పోసుకుంటాయి. రైతు ‘పండింది’ అంటాడు, రోగి ‘తగ్గింది’ అంటాడు. శాస్త్రవేత్త మాత్రం ‘అది వేయకపోయి ఉంటే ఏమయ్యేది?’ అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు ఎక్కడెంత జవాబు దొరికిందో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

పరీక్ష పుట్టింది పొలంలోనే

నేడు కొత్త మందును లాటరీ పద్ధతిన కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూస్తున్నారు. ఆసుపత్రిలో వాడుతున్న ఈ పద్ధతి మొదట పొలం గట్టు మీద రూపుదిద్దుకుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు జరుగుతున్నాయి. 1919లో అక్కడ చేరిన రోనాల్డ్ ఫిషర్‌కు ఒక ఇబ్బంది ఎదురైంది. ఒకే పొలంలో ఒక మూల పల్లం, మరో మూల మెరక. ఒకచోట సారం ఎక్కువ, మరోచోట తక్కువ. అలాంటప్పుడు వచ్చిన దిగుబడి ఎరువు మహిమో నేల మహిమో ఎలా చెప్పడం? ఏ మడికి ఏ ఎరువు వేయాలో మనిషి ఎంచుకోకుండా లాటరీకి వదిలేయాలన్నది ఆయన కనిపెట్టిన ఉపాయం. 1935లో వచ్చిన ఆయన పుస్తకం దాన్నొక శాస్త్రంగా నిలబెట్టింది.

బ్రిటన్‌లో క్షయకు జరిపి, 1948లో ఫలితాలు ప్రచురించిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఈ ఉపాయాన్నే మనుషులకు వర్తింపజేశారు. అది దక్షిణాదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానటోరియాల్లో నెలల తరబడి మంచాన ఉంటేనే క్షయ నయమవుతుందని నమ్మిన రోజులవి. 1956లో మద్రాసులో మొదలైన పరీక్షలో రోగుల్ని లాటరీ పద్ధతిన రెండుగా విడదీశారు. ఒక జట్టును శానటోరియంలో ఉంచారు, మరో జట్టుకు ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చారు. ఇంటి చికిత్స ఏ మాత్రం తీసిపోలేదని 1959లో ఫలితాలు వచ్చాయి. క్షయ చికిత్స ప్రపంచమంతటా మారిపోవడానికి అదొక కారణం. పరీక్ష అంటే పెద్ద ఆసుపత్రుల పక్షమనీ, సామాన్యుడి అనుభవానికి ఎదురనీ అనుకునేవాళ్లు మద్రాసు పరీక్షను గుర్తు చేసుకోవాలి. అక్కడ ఖరీదైన పద్ధతిని పేదవాడి ఇల్లు గెలిచింది.

కృష్ణపట్నంలో తేలిందేమిటి?

ఆనందయ్య మందు ఒకటి కాదు. పి, ఎల్, ఎఫ్, కె అనే పేర్లతో లోపలికి తీసుకునే మందులు, వాటికి తోడు కంట్లో వేసే చుక్కలు. ఊపిరి అందని వాళ్లు చుక్కలు వేయగానే తేరుకున్నారంటూ సాగిన వీడియోలు జనాన్ని కృష్ణపట్నం బాట పట్టించాయి. పంపిణీ ఆపించిన రాష్ట్ర ప్రభుత్వం ఆయుష్ బృందాన్ని పంపింది. విషయం ఐసీఎంఆర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలికి చేరింది. మందు తీసుకున్నవాళ్లకు ఫోన్లు చేసి వివరాలు రాబట్టే పని ఆయుర్వేద వైద్యులకు అప్పగించారు.

మే 31న ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని జాగ్రత్తగా చదవాలి. పి, ఎల్, ఎఫ్ మందుల్లో హాని చేసే పదార్థాలు లేవు కాబట్టి పంచుకోవచ్చంది. కె మందును బృందానికి చూపలేదు కాబట్టి ఆపింది. కంటి చుక్కలకు మరిన్ని పరీక్షలు కావాలంది. కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని, డాక్టర్లు రాసిన మందులు మానవద్దని కూడా చెప్పింది. ఆయుర్వేద ఔషధమన్న గుర్తింపూ ఇవ్వలేదు.

జనం దీన్ని ‘మందు పనిచేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుంది’ అని అర్థం చేసుకున్నారు. చిక్కు ఇక్కడే పడింది. హాని చేయదా, పనిచేస్తుందా, ఉన్నదానికంటే మెరుగా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. కృష్ణపట్నంలో మొదటి ప్రశ్నకు సగం జవాబు వచ్చింది, మిగతా రెండింటిని ఎవరూ ముట్టుకోలేదు. ఫోన్ సర్వేతో వాటికి జవాబు రాదు. కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. పోల్చడానికి మందు తీసుకోని జట్టు లేకపోతే వందమందికి తగ్గినా, వెయ్యిమందికి తగ్గినా రుజువు కాదు.

మూడు వర్గాల వాదనలు

ఈ వివాదంలో మొదటి వర్గం సంప్రదాయ వైద్యాన్ని సమర్థించేది. ఆసుపత్రుల్లో పడకలు, ఆక్సిజన్ దొరకని రోజుల్లో ఉచితంగా ఇచ్చే ఆకుల మందును అడ్డుకోవడం అన్యాయమని, తరాల అనుభవమే రుజువని వీళ్లంటారు. పరీక్షల ఖర్చు భరించగలిగేది కంపెనీలే కాబట్టి, పరీక్ష కావాలనడమంటే కంపెనీలకు తలుపు తీయడమేనన్న మాటలో కొంత నిజం ఉంది.

రెండో వర్గం పరీక్షే ప్రమాణం అనేది. బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష కోవిడ్ కల్లోలం మధ్యనే నడిచింది. వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో చవకైన డెక్సామెథసోన్ మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని, హైడ్రాక్సీక్లోరోక్విన్ పనికిరాదని 2020 జూన్‌కే తేల్చింది. అత్యవసర పరిస్థితి పరీక్షకు అడ్డు కాదన్నది వీళ్ల వాదన. అయితే ప్లాస్మా విషయంలో ఆధునిక వైద్యమే తన పరీక్ష ఫలితాన్ని నెలల తరబడి పక్కన పెట్టింది. ఈ వర్గం ఆ సంగతి సాధారణంగా ఎత్తదు.

మూడో వర్గం మధ్యేమార్గానిది. సంప్రదాయ మందునైనా జల్లెడ పట్టాల్సిందేనని, జల్లెడలో నిలిచినవీ ఉన్నాయని వీళ్లంటారు. రక్తపోటు మీద సర్పగంధి ప్రభావాన్ని రుస్తుం జాల్ వకీల్ 1949లో వైద్య పత్రికలో ప్రచురించాక ఆ మూలిక ప్రపంచ వైద్యంలోకి వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కోవిడ్‌పై దేశీ వైద్యాల పరీక్షలకు దారి తెరిచింది. నైతిక కమిటీ అనుమతి ఉండాలి, పరీక్షను జాతీయ నమోదు పట్టికలో చేర్చాలి. ఆ దారి ఉన్నా కృష్ణపట్నం మందు దాని గుండా నడవలేదు. హైదరాబాదులో ఏటా మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందుకూ ఆ దారి అక్కరలేకపోయింది. దాని పేరే చేప ప్రసాదంగా మారింది. ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరు అడుగుతారు?

మందులు లేని సాగు: ఇరవై ఏళ్ల దారి

వ్యవసాయంలో కథ మరోలా నడిచింది. ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పత్తిలో పురుగుమందులు మానేసి 2000ల తొలినాళ్లలో వార్తల్లోకి ఎక్కారు. వరంగల్ వైపు ఏనబావి ఊరంతా సేంద్రియ బాట పట్టింది. ఆ అనుభవంతో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం విస్తరించింది. విభజన తర్వాత రైతు సాధికార సంస్థ 2016లో సుభాష్ పాలేకర్ పద్ధతిని పెట్టుబడి లేని ప్రకృతి సాగు పేరుతో చేపట్టింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్ దానికి సారథి. 2024 నాటికి 60 లక్షల మంది రైతుల్ని చేర్చాలని 2018లో ప్రకటించారు. ఆ గడువు దాటింది, లక్ష్యం దూరంగానే ఉంది. 2024లో కార్యక్రమానికి గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి దక్కింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం రూ. 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి సాగు మిషన్‌ను ఆమోదించింది.

బయటివాళ్లకు సేంద్రియ సాగు, ప్రకృతి సాగు ఒకటిగానే కనిపిస్తాయి. ఆ రంగంలో మాత్రం వాటి మధ్య గట్టి గీతే ఉంది. సేంద్రియ సాగులో పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, పిండి ఎకరాకు బండ్ల కొద్దీ వేస్తారు, సర్టిఫికెట్ ఉంటుంది. పాలేకర్ వర్మీకంపోస్టును కూడా ఒప్పుకోరు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు పుట్టమన్ను కలిపి పులియబెట్టిన జీవామృతం నేలలోని సూక్ష్మజీవుల్ని నిద్ర లేపుతుందని, నేలకు కావలసింది ఎరువు కాదు, ఆ జీవమేనని ఆయన సిద్ధాంతం. ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం తర్వాత తన పేరును సమాజ ఆధారిత ప్రకృతి సాగుగా మార్చుకుంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, ఏడాది పొడవునా నేలను పచ్చగా కప్పి ఉంచడం వంటివి చేర్చుకుంది.

దిగుబడి లెక్కలు ఎందుకు కలవడం లేదు?

అనుకూల, ప్రతికూల ఫలితాలు రెండూ అచ్చయ్యాయి. వాటిని పక్కపక్కన పెడితే కొన్ని సంగతులు బయటపడతాయి.

రైతు పొలాల్లో పంటకోత ప్రయోగాలు: హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం, విశాఖపట్నంలోని అభివృద్ధి అధ్యయన సంస్థ పరిశోధకులు రైతు సాధికార సంస్థ కోసం చేశారు. ఖర్చు తగ్గింది, నికరాదాయం పెరిగింది, చాలా పంటల్లో దిగుబడి పెద్దగా పడిపోలేదన్నారు. కానీ ప్రకృతి సాగులోకి వచ్చినవాళ్లు తమంతట తాము వచ్చినవాళ్లు. వాళ్లు ముందునుంచే శ్రద్ధ గల రైతులైతే ఆ ఫలితం పద్ధతిదా, మనిషిదా?

రెడింగ్ విశ్వవిద్యాలయం ప్రయోగాలు: ఆంధ్రప్రదేశ్‌లో ఆరు జిల్లాల రైతుల పొలాల్లో 2019 నుంచి ప్రకృతి, సేంద్రియ, రసాయన సాగుల్ని పక్కపక్క మడుల్లో పోల్చారు. ప్రకృతి సాగు దిగుబడి తీసిపోలేదు, కొన్నిచోట్ల మించింది. కారణాలు వెతికితే ఆచ్ఛాదన, అంటే నేలను గడ్డితో కప్పి ఉంచడం, ముందు నిలిచింది. నేల చల్లబడింది, తేమ నిలిచింది, వానపాములు పెరిగాయి. జీవామృతం చుట్టూ జరిగే వాదనలో గడ్డి కప్పు సంగతి తరచు మరుగున పడుతుంది.

మోదీపురం ప్రయోగాలు: ఐసీఏఆర్‌కు చెందిన సాగు వ్యవస్థల పరిశోధన సంస్థ ఉత్తరాది నేలల్లో గోధుమ, బాస్మతి వేసి చూసింది. సమగ్ర పంట యాజమాన్యంతో పోలిస్తే గోధుమలో 59 శాతం, బాస్మతిలో 32 శాతం దిగుబడి తగ్గింది. అంతకుముందే, 2019లో, జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ రుజువు కాని పద్ధతికి ప్రభుత్వ ధనం వెచ్చించవద్దని కేంద్రాన్ని కోరింది.

నత్రజని లెక్క: జో స్మిత్ బృందం 2020లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో ఒక అంచనా వేసింది. గాలిలోని నత్రజని నేలలోకి ఎంత గరిష్ఠంగా చేరినా, దేశంలో సగటున ఎరువుగా వేసే నత్రజనిలో 52 నుంచి 80 శాతమే అందుతుంది. కాబట్టి ఎరువులు తక్కువ వాడే రైతుకు ఈ పద్ధతి లాభం, ఎక్కువ వాడే రైతుకు దిగుబడి నష్టం రావచ్చు.

ఈ నాలుగూ ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నట్టు అనిపించినా, స్మిత్ లెక్క మిగతా మూడింటిని చాలావరకు కలుపుతుంది. మెట్టలో, తక్కువ పెట్టుబడితో సాగే పొలాల్లో ఫలితం బాగుంటే ఆశ్చర్యం లేదు. బస్తాల కొద్దీ యూరియా పడే సాగునీటి పొలాల్లో పరిస్థితి వేరు.

కాలం సంగతీ ఉంది. స్విట్జర్లాండులో 1978 నుంచి నడుస్తున్న దీర్ఘకాల ప్రయోగంలో సేంద్రియ సాగు దిగుబడి సగటున 20 శాతం తగ్గినా, ఎరువుల వాడకం 34 నుంచి 53 శాతం తగ్గిందని 2002లో లెక్క తేలింది. ఇరవై ఏళ్లు ఆగితే గాని ఇలాంటి లెక్క రాదు. రసాయన సాగు నుంచి మారిన తొలి ఏళ్లలో నేలలో మిగిలిన పాత ఎరువు కొంతకాలం పంటను నిలబెడుతుంది. మూడు పంటకాలాల ఫలితాన్ని శాశ్వతమనుకోలేం.

నెల్లూరు వరి వేసే ప్రశ్న

నెల్లూరులో ధాన్యాన్ని 850 కిలోల పుట్టితో కొలుస్తారు. ఎకరాకు మూడు పుట్లు పండే మాగాణిలో 20 శాతం తగ్గితే అరపుట్టికి మించి, అంటే 510 కిలోలు పోయినట్టే. ఖర్చు తగ్గడం, మంచి ధర రావడం ఆ లోటు పూడ్చాలి. సోమశిల నీటి మీద నడిచే ఈ డెల్టా పెట్టుబడి ఎక్కువ పెట్టే సాగు. అంటే స్మిత్ బృందం హెచ్చరించిన కోవలోనిదే.

ఇక్కడ పరీక్ష పెట్టడంలోనే మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది నీరు. కాలువ కింద నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పైమడిలో వేసిన యూరియా కిందిమడికీ చేరుతుంది. పక్కపక్క మడుల్లో రెండు పద్ధతుల్ని పోల్చితే ఫలితం కలుషితం కావచ్చు. రెండోది కౌలు. నేల సారం పెరగడానికి ఏళ్లు పడుతుంది. పై ఏడాది అదే పొలం దక్కుతుందో లేదో తెలియని కౌలు రైతు, పంట పోయినా కౌలు కట్టక తప్పని మనిషి, ఆ సారం కోసం ఈ ఏడాది పుట్టి ధాన్యం ఎందుకు వదులుకోవాలి? నేలను మాత్రమే కొలిచే పరీక్షకు ఈ ప్రశ్న అందదు.

వంగడాల సంగతి మరొకటి. మొలగొలుకులు లాంటి పాత రకాలకు పేరున్న జిల్లా ఇది. నెల్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449, అంటే నెల్లూరు మసూరి, సాధారణ సాగు లెక్కల్లో తయారైన రకం. ప్రకృతి సాగులో ఓడింది పద్ధతా, దానికి తగని వంగడమా అన్నది విడదీసి చూడాలి.

రొయ్యల గుంటల పాఠం

తీరంలో మూడో రంగం రొయ్యలు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగుకు కళ్లెం వేసింది. 2009లో వెనామీ రకం రొయ్య వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. కాని జబ్బు భయంతో వాడే యాంటీబయోటిక్‌లు ఎగుమతికి గండి కొట్టాయి. యూరోపియన్ యూనియన్ 2016లో భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకుల్లో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది.

వరిలో పరీక్షలు జరిగినా, రసాయనాలు లేని ధాన్యానికి ధరలో తేడా అంతగా లేదు. రొయ్యల్లో తేడా ధరలో కాదు, సరుకు తిరిగొస్తుందా లేదా అన్న దానిలో ఉంది. అందుకే ఇక్కడ రసాయనాలు తగ్గించడానికి సిద్ధాంతం అక్కరలేకపోయింది. రేవులో పరీక్షశాలే ఆ పని చేసింది. మందుల స్థానంలోకి ప్రోబయోటిక్‌లు, తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి పోసే ద్రావణాలు వచ్చాయి. అవి జీవామృతానికి గుంటలోని చుట్టాలు. వాటి మీద అమ్మకందారుల మాటలే ఎక్కువ. పక్క గుంటతో పోల్చి, లాటరీ వేసి కొలిచిన ఫలితాలు తక్కువ.

పంట నుంచి ఒంటికి

రసాయనాలు లేని తిండి తింటే ఆరోగ్యం బాగుంటుందా? ఫ్రాన్సులో సుమారు 69,000 మందిని అనుసరించిన అధ్యయనం 2018లో, సేంద్రియ ఆహారం ఎక్కువ తిన్నవాళ్లలో క్యాన్సర్ 25 శాతం తక్కువని చెప్పింది. బ్రిటన్‌లో ఆరు లక్షలకు పైగా మహిళల్ని అనుసరించిన అధ్యయనం 2014లో అలాంటి తేడా మొత్తం మీద కనిపించలేదంది. రెండూ లాటరీ లేని అధ్యయనాలే. సేంద్రియ సరుకు కొనేవాళ్లు డబ్బున్నవాళ్లు, వ్యాయామం చేసేవాళ్లు, పొగ తక్కువ తాగేవాళ్లు కావచ్చు. ఆ లెక్కను తీసివేయడం ఎప్పుడూ సందేహాస్పదమే.

ఈ చోటే ఆంధ్రప్రదేశ్ ప్రపంచానికి కొత్త అవకాశం ఇచ్చింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి సంస్థలతో కలిసి తలపెట్టిన బ్లూమ్ అధ్యయనం ప్రణాళిక 2023లో అచ్చయింది. నాలుగు జిల్లాల్లో 80 గ్రామ సముదాయాలను లాటరీ పద్ధతిన విడదీసి, 40 చోట్ల ప్రకృతి సాగు కార్యక్రమం ప్రవేశపెట్టడం, 40 చోట్ల పెట్టకుండా పోల్చడం దాని పద్ధతి. ఒక్కో సముదాయంలో దాదాపు 34 కుటుంబాలు. ఏడాది తర్వాత ప్రధానంగా కొలిచేవి రెండు: పెద్దలూ పిల్లలూ తినే తిండిలో వైవిధ్యం, కొందరి మూత్రంలో పురుగుమందుల అవశేషాలు. వీటితో పాటు దిగుబడి, ఆదాయం, రక్తహీనత, చక్కెర, కిడ్నీ పనితీరు, ఒళ్లు నొప్పులు, మానసిక దిగులు, పిల్లల ఎదుగుదల.

ఇళ్లను కాక ఊళ్లను లాటరీ వేయడం తెలివైన ఏర్పాటు. పిచికారీ గాలి గట్టు దాటుతుంది, నీళ్లు మడి దాటుతాయి. ఒకే ఊళ్లో సగం ఇళ్లను పోల్చితే తేడా కరిగిపోతుంది. ఇంకో విశేషం, ఇందులో కొలిచేది పట్నంలో సరుకు కొనేవాళ్లను కాదు, పొలంలో మందు కొట్టే చేతుల్ని. సాగు మారితే మొదట బాగుపడాల్సింది ఆ ఒళ్లే. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా ఏకాభిప్రాయం కుదరని రాష్ట్రంలో కిడ్నీ పనితీరును కూడా కొలవడం చిన్న విషయం కాదు. అయితే ఏడాది గడువు మూత్రంలోని అవశేషాలకు సరిపోవచ్చు గానీ, ఏళ్ల తరబడి ముదిరే జబ్బులకు చాలదు.

ఒక్క చూపులో

కృష్ణపట్నం మందు: హాని మీద పాక్షిక పరిశీలన జరిగింది, పనిచేస్తుందా అన్నదానిపై పోలిక జట్టుతో పరీక్ష లేదు.

ప్రకృతి సాగు, మెట్ట పొలాలు: ఖర్చు తగ్గుతుందన్న దాంట్లో చాలావరకు ఏకాభిప్రాయం, దిగుబడి నిలుస్తుందనడానికి రైతు పొలాల నుంచి ఆధారాలు.

ప్రకృతి సాగు, డెల్టా మాగాణి: నత్రజని లెక్క హెచ్చరిస్తోంది, దీర్ఘకాల ప్రయోగాలు కావాలి.

రొయ్యల గుంటలు: యాంటీబయోటిక్ వాడకం మీద పర్యవేక్షణ గట్టిపడింది, ప్రత్యామ్నాయ ద్రావణాల మీద ఆధారాలు పలచన.

రైతు కుటుంబం ఆరోగ్యం: ప్రశ్నను సరిగ్గా అడిగే పరీక్షకు రూపం వచ్చింది, దీర్ఘకాల జబ్బులు దాని పరిధి బయటివి.

ఇంకా తేలనివి

మొదటిది, డబ్బు ఎవరిది అన్న ప్రశ్న. కార్యక్రమం నడిపే సంస్థే అధ్యయనానికి ఖర్చు పెడితే అనుమానం తప్పదు. ఎరువుల కంపెనీల సొమ్ముతో నడిచే ప్రయోగాలకూ ఇదే వర్తిస్తుంది. మందుల పరీక్షల్లో ఈ రోగానికి కొంత విరుగుడు దొరికింది. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి వైద్య పరీక్షనూ మొదలుపెట్టకముందే జాతీయ పట్టికలో నమోదు చేయాలి. ఏం కొలుస్తారో ముందే చెప్పాలి. ఫలితం నచ్చలేదని దాచడం దీంతో కష్టమవుతుంది. పొలం ప్రయోగాలకూ అలాంటి నమోదు ఉంటే అనుకూలులూ ప్రతికూలులూ తమకు నచ్చిన మడి ఫలితాన్నే ఎత్తి చూపడానికి వీలుండదు.

రెండోది, పరీక్ష వేగం. కృష్ణపట్నానికి జనం వచ్చిన రోజు నుంచి ప్రభుత్వ అనుమతి దాకా పదిరోజులే గడిచాయి. మళ్లీ అలాంటి గడ్డుకాలం వస్తే నాటుమందును ఆపడమా వదిలేయడమా అన్న రెండు దారులే కాక, రికవరీ తరహాలో రోజుల్లో మొదలయ్యే పరీక్షకు ముందే నమూనా సిద్ధంగా ఉంచాలి. ఆయుర్వేద కళాశాలలకూ జిల్లా ఆసుపత్రులకూ మధ్య అలాంటి ఏర్పాటు కొరవడింది.

మూడోది నెల్లూరుకే ప్రత్యేకం. పెన్నా డెల్టాలో కాలువ కింది మాగాణిలో, కౌలు రైతుల చేతుల్లో, ముందస్తు కారుకూ రబీకీ విడివిడిగా, కనీసం పదేళ్ల పాటు సాగే పోలిక ప్రయోగం ఒకటి కావాలి. దానికి నేల, వంగడాలు, పరిశోధన స్థానం, రైతు సంఘాలు అన్నీ జిల్లాలోనే ఉన్నాయి. నత్రజని లోటు నిజంగా ఎన్ని పుట్ల మేరకో, ఆ లోటును తగ్గిన ఖర్చు ఎంతవరకు పూడుస్తుందో చెప్పగలిగేది అలాంటి ప్రయోగమే. అప్పటిదాకా మెట్టలో వచ్చిన మంచి ఫలితాలను డెల్టా రైతుకు హామీగా చూపడం గానీ, మోదీపురం గోధుమ లెక్కను నెల్లూరు వరికి అంటగట్టడం గానీ, రెండూ ఆధారం ఉన్నంత మేర దాటి మాట్లాడడమే.